ఏటి కిందుగా తీసుకెళ్లిన మామ్మగారు

చదివే అక్కలకూ అమ్మలకూ ముందుగా ఒక మనవి. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు కొన్ని చోట్ల ఎక్కువ పడతాయి, కొన్ని చోట్ల అసలు పడవు. తప్పులుంటే పెద్ద మనసుతో క్షమించండి. మా పక్కింటి మామ్మగారు పోయారు. పోయిన నెలలో, నార్వేలో, తను పుట్టిన ఊళ్లో, చెల్లెలి ఇంట్లో, తన మంచం మీద కన్ను మూశారు. మన ఫెలోషిప్ పుస్తకంలో ఆవిడ గురించి రాయమని పాస్టరమ్మగారు అడిగారు. నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పమంటే నేను వెనక వరసలో దాక్కుంటాను. కాగితం అయితే నా ముఖం చూడదు కదా అని ఒప్పుకున్నాను.

ఆ కబురు నాకు ఆవిడ చెల్లెలి మనవరాలు ఫోన్‌లో చెప్పింది. నేను గిన్నెలు కడుగుతూ చేతికి సబ్బుతోనే ఫోన్ ఎత్తాను. విషయం వినగానే నా నోట వచ్చిన మొదటి మాట, "డాక్టరు వచ్చారా?" అని. "వచ్చారు. చివరిదాకా పక్కనే కూర్చున్నారు" అంది ఆ పిల్ల. నేను వంటగది నేల మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తుంటే గుండె మీది బరువు దిగినట్టు అనిపించింది. దుఃఖంలో అలా తేలికపడడం తప్పేమో నాకు తెలియదు. ఆవిడ కథ తెలిస్తే మీకూ అలాగే అనిపిస్తుందని నా నమ్మకం.

మేముండేది టైన్ నదికి దక్షిణం గట్టున, జారోలో. మా ఆయన కేర్ హోమ్‌లో పని చేస్తారు. పెళ్లయిన ఏడాదికి నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. మాది మేడ మీది ఫ్లాట్, మామ్మగారిది పక్క గుమ్మం. వచ్చిన కొత్తలో ఆవిడను కిటికీలోంచి చూడడమే తప్ప పలకరించే ధైర్యం నాకు లేదు. పొడవైన మనిషి, తెల్లటి జుట్టు, ఎంత చలిలోనైనా టోపీ పెట్టుకునేవారు కాదు.

అమ్మ నా పెట్టెలో ఎండు మెత్తళ్లు కట్టి ఇచ్చింది. వాసన బయటికి పోతే చుట్టుపక్కల వాళ్లు కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తారని తెలిసినవాళ్లు భయపెట్టడంతో వాటిని చాలా కాలం దాచుకున్నాను. ఒకరోజు ఇక ఉండబట్టలేక కిటికీలన్నీ మూసి, తలుపు కింద తువ్వాలు పెట్టి, వంకాయతో వండడం మొదలుపెట్టాను. మూకుడులో మెత్తళ్లు వేగుతుండగా తలుపు చప్పుడైంది. తీస్తే మామ్మగారు.

"సారీ, సారీ" అన్నాను. నాకు అప్పుడు వచ్చిన ఇంగ్లీషు అంతే.

ఆవిడ నన్ను పట్టించుకోకుండా గాలి పీల్చారు. "చేపేనా? ఎండబెట్టిన చేపేనా?"

తల ఊపాను.

"ఎవరు ఎండబెట్టారు?"

"మదర్."

"ఎండలోనా, గాలికా?"

ఎండలో అని చేతులతో చూపించాను. ఆవిడ లోపలికి వచ్చి, అడగకుండానే మూకుడులోంచి ఒక మెత్తల్ని వేళ్లతో తీసుకుని నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలారు. వాళ్ల ఊళ్లోనూ అమ్మలు చేపల్ని కర్రలకు వేలాడదీసి చలిగాలికి ఎండబెట్టేవారట. ఈ దేశం వచ్చాక ఆ వాసన ఏ ఇంట్లోంచీ రాలేదట. మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి మేమిద్దరం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నాం. ఆవిడ ముక్కు కారుతోంది, కళ్లలోంచి నీళ్లు. అయినా ప్లేటు వదలడం లేదు.

"ఏంటే ఇది? ఆవిడకి కారం ఎక్కువైపోయినట్టుంది. మజ్జిగియ్యి ముందు!" అని మా ఆయన కంగారు పడ్డారు.

"మీ భార్య నన్ను చంపేస్తోంది. రేపు కూడా వస్తాను" అన్నారు మామ్మగారు.

అలా మొదలైంది. నాకు ఇంగ్లీషు రాదని సిగ్గుపడితే ఆవిడ, "నాదీ నేర్చుకున్న ఇంగ్లీషే, పెట్. అరవై ఏళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నా" అనేవారు. ఇక్కడి వాళ్లు దగ్గరి మనిషిని పెట్ అంటారు కదా, ఆవిడ నోట అది మా అమ్మ "బంగారం" అన్నట్టు వినిపించేది. ఆవిడ మాటల్ని నాకు అర్థమైనట్టుగా తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో అవి ఇంకా బాగుండేవి.

శుక్రవారం శుక్రవారం ఆవిడ ఇంట్లో వాఫుల్స్ చేసేవారు, గళ్ల పెనం మీద కాల్చే తీపి అట్లు. వాటి మీద బెల్లం రంగు చీజ్ ముక్క పెట్టి ఇచ్చేవారు. నేను ఆవకాయ తీసుకెళ్లేదాన్ని. ఆవిడకు గాలి వీచిన రోజున ఇంట్లో కాలు నిలిచేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ వెళ్లి చూసేవారు. చెట్లు ఊగుతుంటే ఆవిడ పెదవులు బిగుసుకునేవి. ఎందుకని అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది. అడిగినప్పుడు ఆవిడ దాచలేదు.

వాళ్ల ఊరు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డున ఉంది. దాన్ని వాళ్లు ఫ్యోర్డ్ అంటారు. ముందు నీళ్లు, వెనక గోడలాంటి కొండ. రోడ్డు లేదు. డాక్టరు కావాలన్నా, బడి కావాలన్నా, చర్చికి పోవాలన్నా పడవే. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. గాలి పెద్దగా ఉంది. పడవ కదలడానికి వీల్లేదన్నారు. గాలి తగ్గేదాకా ఆగి బయల్దేరారు. తల్లి తల ఒళ్లో పెట్టుకుని ఈ పిల్ల పడవలో కూర్చుంది. అవతలి గట్టు దీపాలు కనిపిస్తుండగానే తల్లీ, కడుపులో బిడ్డా పోయారు.

"దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి, పెట్" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత లేచి కెటిల్ పెట్టారు.

పెరిగి పెద్దయ్యాక ఓడలో ఇంజను పని చేసే ఇక్కడి మనిషిని చేసుకుని టైన్ ఒడ్డుకు వచ్చేశారు. ఆయన నేను రాకముందే పోయారు. పిల్లలు లేరు. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా తన ఊరు వెళ్లలేదు. విమానం ఎక్కగలరు, రైలు ఎక్కగలరు, చివరన ఆ పడవ ఎక్కలేరు. చెల్లెలే అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్లేది. ఎప్పుడొస్తావక్కా అని చెల్లెలు అడిగితే, "రోడ్డు వేసిన మర్నాడు" అని నవ్వేవారు. రోడ్డు వేయాలంటే ఆ కొండకు సొరంగం తవ్వాలి. కొన్ని ఇళ్ల ఊరి కోసం ఎవరు తవ్వుతారు?

ఇదంతా వింటున్నప్పుడు నాకు మా లంక గుర్తొచ్చేది. మాది గోదావరి మధ్య లంక. నాలుగు వైపులా ఏరే. రేవు దాటితేనే ఆసుపత్రి, బజారు, బస్సు. మా వైపు ఒక కట్టుబాటు ఉంది. ఆడపిల్లకు నెల తప్పిందని తెలియగానే ప్రార్థన చేసి ఒక్కసారి గట్టు మీది చుట్టాలింటికి దాటిస్తారు. ఆ తర్వాత పురుడు వచ్చేదాకా ఏరు దాటనివ్వరు. హిందువులైనా, మాలాంటి క్రైస్తవులైనా ఇందులో ఒకటే. ఏరు చూస్తుంది అంటారు. ఏం చూస్తుందో, చూస్తే ఏమవుతుందో ఎవరూ పైకి చెప్పరు.

నేను ఇక్కడికి వచ్చినప్పుడు కడుపుతోనే ఉన్నాను. టికెట్టు ముందే తీసేశారని విమానం ఎక్కాను. ఐదో నెలలో ఆ బిడ్డ నిలవలేదు. అత్తయ్య ఫోన్‌లో, "సముద్రమే దాటేసేవు గదే తల్లీ" అని ఏడ్చింది. ఆవిడ నన్ను నిందించలేదు. అయినా ఆ మాట నా లోపల కూర్చుండిపోయింది.

రెండోసారి నెల తప్పినప్పుడు నేను ఒకటే నిశ్చయించుకున్నాను. ఈసారి ఏరు దాటను. సర్జరీలో, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌లో, కడుపుతో ఉన్నవాళ్లను చూసే మిడ్‌వైఫ్ నా పాత కాగితాలు చూసి, గర్భసంచి మూతి బలహీనంగా ఉంది, నాలుగో నెల నిండేలోపు కుట్టు వేయాలి, లేకపోతే ఈ బిడ్డ కూడా నిలవకపోవచ్చు అని చెప్పింది. ఆ కుట్టు వేసే క్లినిక్ న్యూకాసిల్ పెద్దాసుపత్రిలో ఉంది. న్యూకాసిల్ ఏటికి అవతల. వెళ్లే దారులన్నీ వంతెనలే. బస్సు వంతెన మీద, మెట్రో రైలు వంతెన మీద. వంతెన మీదికి రాగానే కింద నల్లటి నీళ్లు కనిపిస్తాయి.

మొదటి అపాయింట్‌మెంట్ రోజున కళ్లు తిరుగుతున్నాయని పడుకున్నాను. రెండోదానికి చెప్పు కూడా వేసుకుని గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. మా ఆయనకు అప్పుడు అర్థమైంది.

"బాప్తిస్మం తీసుకున్నదానివి, ఏటికి భయపడతావేంటే? నిన్ను ముంచింది ఆ గోదాట్లోనే కదా!"

"అప్పుడు కడుపుతో లేను."

"ఇక్కడ ఏటికి నువ్వెవరో కూడా తెలీదే. ఇది ఇంగ్లీషు ఏరు."

"ఏరు ఏరేనండీ."

ఆయన తల పట్టుకున్నారు. డ్యూటీల రోటా మార్పించుకుని మరీ సెలవు పెట్టిన మనిషి. కోపం రాకుండా ఎలా ఉంటుంది? మిడ్‌వైఫ్ ఫోన్ చేసి ఇంకొక్క తేదీ ఇస్తున్నామని, అది కూడా పోతే సమయం దాటిపోతుందని చెప్పింది. ఆయన ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నాకూ తెలుసు, వెళ్లకపోతే బిడ్డ పోతుంది. వెళ్తే ఏరు చూస్తుంది, అప్పుడూ బిడ్డ పోతుంది. ఎటు ఆలోచించినా నా తల అక్కడే ఆగిపోయేది.

ఆ సాయంత్రం మామ్మగారు వాఫుల్స్ పళ్లెం పట్టుకుని వచ్చారు. ఇద్దరి ముఖాలూ చూసి, పళ్లెం బల్ల మీద పెట్టి, "ఎవరు చెప్తారు?" అన్నారు. మా ఆయన చెప్పారు. చెప్తూ మధ్యలో నవ్వబోయారు, ఆవిడ నవ్వుతారేమోనని. ఆవిడ నవ్వలేదు.

"మా ఊళ్లోనూ అంతే" అన్నారు. "కడుపుతో ఉన్నదాన్ని శరదృతువు రాకముందే అవతలి గట్టుకు చేర్చేసేవాళ్లు. ఆ తర్వాత నీళ్ల దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. మా అమ్మ వెళ్లలేదు. ఆవులున్నాయి, పిల్లలున్నారు అని ఆగిపోయింది." మా ఆయన వైపు తిరిగారు. "ఈ పిల్ల మూర్ఖురాలు కాదబ్బాయ్. నీళ్ల పక్క పుట్టిన మనిషి."

నా కట్టుబాటును ఈ దేశంలో ఒకరు అర్థం చేసుకున్నారు. ఆ ఒక్క మాటకే నాకు సగం ఊపిరి వచ్చింది.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగి, "నీళ్ల మీదుగా పోకూడదు. అంతే కదా?" అన్నారు.

"అంతే."

"మరి ఏటి కిందుగా పోతే?"

మా ఆయనా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. జారో పక్కనే టైన్ కింద రోడ్డు సొరంగం ఉంది. కార్లు, లారీలు ఏటి అడుగునుంచి అవతలికి పోతాయి. అది ఉందని నాకు తెలుసు. ఆ దారిన ఆసుపత్రికి పోతే చుట్టు తిరుగుడు కాబట్టి ఎవరూ దాని మాట ఎత్తలేదు.

"కిందుగా పోతే దాటినట్టు కాదా?" అన్నాను.

"నాకేం తెలుసు? మీ ఊరి కట్టుబాటు. పెద్దవాళ్లను అడుగు" అన్నారు మామ్మగారు. వాఫుల్ చేతిలోకి తీసుకుని మా ఇంట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, తీర్పు వినేదాకా కదలననట్టు.

మా ఆయన వాళ్లమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"ఏటి కిందుగా ఏంట్రా? ఏటి కింద ఇసకుంటాది" అంది అత్తయ్య.

"ఇసక కింద గొట్టంలాగ కట్టేరమ్మా. అందులో రోడ్డు. కార్లెళ్తాయి."

"నీళ్లు నెత్తి మీదుంటాయా?"

"ఉంటాయి గానీ కనపడవు."

"దీపాలుంటాయా?"

"బోల్డు."

అత్తయ్య ఫోన్ కింద పెట్టింది. పక్కన ఎవరినో అడుగుతున్నట్టు వినిపించింది. మా లంకలో పురుళ్లు పోసిన ముసలమ్మ ఒకామె అత్తయ్య ఇంటి పక్కనే ఉంటుంది. ఆమెనే పిలిచినట్టుంది. ఇద్దరూ వాదించుకున్నారు. "గొట్టంట, గొట్టం!" అని ఒకరు, "సూడనప్పుడు ఏటవుద్దే?" అని ఒకరు. చివరికి అత్తయ్య ఫోన్‌లోకి వచ్చింది.

"ఆవిడ సరే అంటంది. ఏరు నిన్ను సూడకూడదు, నువ్వు ఏరుని సూడకూడదు. అది కిందనుంచెళ్తే ఇద్దరికీ తెలీదు. ఎల్లిపో తల్లీ. కళ్లు మాత్రం మూసుకోమాకు, బెదిరిపోతావు."

మా ఆయన మామ్మగారికి ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ చప్పట్లు కొట్టి, "చాలా తెలివైనవాళ్లు" అన్నారు. తర్వాత తన కోటు తీసుకుంటూ, "ఆ రోజున నేనూ వస్తాను" అన్నారు.

అన్నట్టే వచ్చారు. మా ఆయన డ్రైవింగ్, వెనక సీట్లో నేను, నా పక్కన ఆవిడ. సొరంగం నోరు దగ్గరికి రాగానే నా అరచేతులు తడిసిపోయాయి. లోపలికి దిగాం. పసుపు దీపాలు వరసగా. చెవులు మూసుకుపోయినట్టయింది. సగం దూరం పోయాక ముందున్న కార్ల ఎర్ర లైట్లు వెలిగాయి. అన్నీ ఆగిపోయాయి. మేమూ ఆగాం. ఏటికి సరిగ్గా కింద.

నాకు ఏడుపు వచ్చేసింది. మా ఆయన "ఏం కాదే, ట్రాఫిక్ అంతే, ఏం కాదు" అని అద్దంలోంచి అరుస్తున్నారు. మామ్మగారు ఆయన్ను ఊరుకోమని సైగ చేసి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ చేపల కూర. నాకు ఇంకా చెప్పలేదు నువ్వు. మొదట ఏం చేస్తావు?"

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడ వేరే పనేముంది?"

"వాష్" అన్నాను వెక్కుతూ. "హాట్ వాటర్."

"తర్వాత?"

"తల తీసేయాలి." ఇంగ్లీషు మాట తట్టక నా తల మీద చెయ్యి పెట్టి చూపించాను.

"అయ్యయ్యో. ఎవరి తల? మీ ఆయనదా?"

నవ్వొచ్చింది. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, వంకాయ. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాను. మధ్యలో మా ఆయన "పసుపు మర్చిపోయావు" అన్నారు. "డ్రైవర్ రోడ్డు చూసుకోవాలి" అన్నారు మామ్మగారు. చింతపండు పులుసు పోసేసరికి ముందున్న లైట్లు ఆరి కార్లు కదిలాయి. కూర దించకముందే ఎండలోకి వచ్చేశాం. అవతలి గట్టు. వెనక్కి తిరిగి చూశాను. సొరంగం నోరు, దాని మీద గడ్డి. ఏరు ఎక్కడా కనిపించలేదు.

కుట్టు వేశారు. అది మొదలు ప్రతి పరీక్షకూ అదే దారి. వంతెన మీదుగా అయితే చిటికెలో వచ్చేవాళ్లం అని మా ఆయన గొణుగుతూనే తిప్పేవారు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఆయన కారిడార్‌లో గోడకు తల ఆనించి ఏడ్చారట, నర్సు చెప్పింది. అత్తయ్య ఫోన్‌లో పాప ముఖం చూసి, "ఏరు సూడలేదు, సూడలేదు" అని అందరికీ చెప్పుకుంది. మామ్మగారు పాపను ఒళ్లోకి తీసుకున్నారు. వేలితో దాని అరికాలు రాస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నారు.

పాప నడక నేర్చే రోజుల్లో వాళ్ల ఊరి కొండకు సొరంగం తవ్వడం మొదలైందని చెల్లెలు ఫోన్ చేసింది. మామ్మగారు నమ్మలేదు. "నేను పుట్టకముందు నుంచీ తవ్వుతామంటున్నారు" అన్నారు. కానీ ఈసారి నిజంగానే తవ్వారు. రెండు వైపుల నుంచీ కొండను పేల్చుకుంటూ వచ్చి, మధ్యలో కలిసిన రోజున చెల్లెలు వీడియో కాల్ చేసింది. మామ్మగారికి అలాంటి ఫోన్ వాడడం రాదు కాబట్టి మా ఫోన్‌లోనే చూశాం. దుమ్ము, రాళ్ల గుట్ట, పెద్ద లైట్లు. అటు ఊరి ఆడవాళ్లూ ఇటు ఊరి ఆడవాళ్లూ పసుపు హెల్మెట్లు పెట్టుకుని, ఫ్లాస్కుల్లో కాఫీ, డబ్బాల్లో కేకులు పట్టుకుని రాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, కలిసిన చోట చేతులు కలుపుకున్నారు. అది వాళ్ల ఆనవాయితీ అట. చెల్లెలు ఒక ముసలామెను కెమెరా ముందుకు లాగింది. కొండకు అటు వైపు ఊరి మనిషి. అంత దగ్గర ఊళ్లలో పుట్టి, ముసలివాళ్లయ్యేదాకా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇద్దరూ రాతి మీద కూర్చుని కేకు తింటున్నారు.

"వచ్చేయ్ అక్కా. రోడ్డు వేసేశారు" అని అరిచింది చెల్లెలు.

మామ్మగారు ఫోన్ నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

రోడ్డు తెరిచారు. ఆవిడ వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులన్నారు. కుండీల్లో మొక్కలకు నీళ్లెవరు పోస్తారన్నారు. చలి అన్నారు, చలి పోయాక వేడి అన్నారు. నేను పోస్తాను మామ్మగారూ అంటే, "నువ్వు ఎక్కువ పోస్తావు, కుళ్లిపోతాయి" అన్నారు. నాకు అర్థమైంది. ఆ ఊరు చేరాక కిటికీలోంచి కనిపించేది ఆ నీళ్లే కదా. ఎప్పుడో నాకు ఆవిడే చెప్పారు, భయపడ్డ మనిషికి నీతులు చెప్పకూడదు, టీ ఇవ్వాలి అని. అలాగే చేశాను. రోజూ సాయంత్రం టీ పట్టుకుని వెళ్లి కూర్చునేదాన్ని. ఊరి మాట ఎత్తేదాన్ని కాదు. ఒకరోజు ఆవిడే అన్నారు.

"పెట్, నన్ను ఎయిర్‌పోర్టుకు ఎవరు తీసుకెళ్తారు?"

"మేము."

"ఏ దారిన?"

"మన దారినే."

ఆ రోజు కూడా వెనక సీట్లో మేమిద్దరం, మధ్యలో పాప. సొరంగంలోకి దిగగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఈసారి చల్లగా ఉన్నది ఆవిడ చెయ్యి. నేను, "వాఫుల్స్ ఎలా చేస్తారు?" అన్నాను. ఆవిడ నవ్వి, "మొదట తల తీసేయాలి" అన్నారు.

వెళ్లినవారు తిరిగి రాలేదు. కొద్ది రోజులనుకున్నది రెండు చలికాలాలైంది. ఫ్లాట్ ఖాళీ చేయించి, మొక్కలు నాకిచ్చేయమన్నారు. వారానికోసారి చెల్లెలి ఫోన్ నుంచి మాట్లాడేవారు. అక్కడ ఆవిడ కుర్చీ నీళ్ల వైపు కాకుండా కొండ వైపు కిటికీ దగ్గర వేసుకున్నారు. సొరంగం నోరు అక్కడినుంచి కనిపిస్తుంది. రోజంతా అందులోంచి ఏమేం వస్తున్నాయో చూసేవారు. రొట్టెల వ్యాను వచ్చింది, స్కూలు బస్సు వచ్చింది, ఎవరో సోఫా తెచ్చుకున్నారు. ఒకసారి ఆనందం ఆపుకోలేక, "ఇవాళ ఒక పిల్లను కాన్పుకు తీసుకెళ్లారు, పెట్. గాలి ఇల్లు ఎగరగొట్టేలా ఉంది. కారులో వెళ్లింది. రేడియో పెట్టుకుని వెళ్లింది!" అన్నారు. నాకు ఆ గొంతు ఇంకా చెవుల్లో ఉంది. రేడియో పెట్టుకుని వెళ్లింది అని రెండుసార్లు అన్నారు.

ఆవిడ పోయిన రోజున కూడా అక్కడ పెద్ద గాలివాన అని ఆ మనవరాలు చెప్పింది. పడవలు కట్టేశారట. పొద్దున్న ఆవిడకు ఊపిరి ఆడకపోతే ఫోన్ చేశారు. డాక్టరు కొండ కిందుగా కారులో వచ్చారు. వయసు అయిపోయింది, చేయగలిగింది పెద్దగా లేదు. నొప్పి తెలియకుండా మందిచ్చి, పక్కనే కూర్చున్నారు. చెల్లెలు చెయ్యి పట్టుకుంది. మామ్మగారు డాక్టరు తడిసిన బూట్ల వైపు చూసి, "ఏ దారిన వచ్చావు?" అని అడిగారట. ఆయన చెప్పారట. ఆవిడ తల ఊపి కళ్లు మూసుకున్నారట.

అందుకే అక్కలారా, నాకు ఏడుపు వచ్చినా గుండె తేలికగానే ఉంది. ఆవిడ జీవితమంతా భయపడింది ఒక్కదానికే, మనిషి అవతల ఉండగా సాయం ఇవతల ఆగిపోవడం. ఆ భయం ఆవిడతో చివరిదాకా రాలేదు. దేవునికి స్తోత్రం. నా పాస్‌పోర్టుకు ఆ దేశం వీసా సమయానికి దొరకలేదు, మట్టి వేయడానికి వెళ్లలేకపోయాను. అదొక్కటే వెలితి.

పాస్టరమ్మగారూ, ఇది టైపు చేయడం అయిపోయాక నా కాగితాలు దయచేసి కాల్చేయండి. ఎవరికీ చూపించకండి. కొట్టివేతలూ మరకలూ చూస్తే మా ఆయన ఏడాది పొడుగునా ఆటపట్టిస్తారు.

ఈ మధ్యే నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. మొన్న ఆదివారం మా ఆయనకు డ్యూటీ ఉంటే పాపను వెనక కూర్చోబెట్టుకుని ఆరాధనకు నేనే కారు తీశాను. సొరంగం దగ్గర పడగానే పాప, "మమ్, డోంట్ బ్రీత్!" అంది. బడిలో పిల్లలు నేర్పిన ఆట అట, సొరంగం అయ్యేదాకా ఊపిరి బిగపట్టాలట. నేను కారు నడపాలి నాన్నా, నువ్వు పట్టు అన్నాను. అద్దంలో చూస్తే బుగ్గలు రెండూ పూరీల్లా ఉబ్బించుకుని, కళ్లు పెద్దవి చేసి కూర్చుంది. దీపాలు ఒక్కొక్కటే దాని ముఖం మీదుగా జారిపోతున్నాయి. మధ్యలో ముక్కుతో దొంగతనంగా కొంచెం పీల్చింది. చూడనట్టే ఊరుకున్నాను. ఎండలోకి రాగానే ఒక్కసారిగా గాలంతా వదిలింది. పక్క అద్దం మీద గుండ్రంగా ఆవిరి పట్టింది. అది మెల్లగా చిన్నదవుతుంటే దాని వెనకనుంచి అవతలి గట్టు ఇళ్లు ఒక్కొక్కటే కనిపించసాగాయి.